కాశీకి బండి మార్చారు

మా రోజుల్లో కాశీకి వెళ్లే కారంటే అంబాసిడరే. రెండో మాట లేదు. ఇప్పుడు మా అబ్బాయి ట్రావెల్స్ ఆఫీసులో ఓ మూల కుర్చీ వేసుకుని కూర్చుంటే వచ్చిన పార్టీలు అడిగేవి చెవిన పడుతుంటాయి. "సన్‌రూఫ్ ఉందా అండీ?" అన్నది మొదటి ప్రశ్న. కాశీకి పోయేవాడికి సన్‌రూఫ్ ఎందుకో నాకు అంతుపట్టదు. జబల్‌పూర్ ఎండలో నడినెత్తి మాడ్చుకోవడానికా? ఆ తర్వాత, ఫోన్లకు ఛార్జింగ్ పాయింట్లు ఎన్ని ఉన్నాయని. ఆ తర్వాత, ఎన్ని గంటల్లో దింపేస్తారని. బండిలో కూర్చోబోయేది ఎవరు, వాళ్ల మోకాళ్లు ఎలా ఉన్నాయి, వెనక సీట్లోకి దూరగలరా అని అడిగినవాళ్లు మాత్రం ఈమధ్య నాకు తగల్లేదు.

హైదరాబాదు నుంచి కాశీ దాదాపు 1,200 కిలోమీటర్లు. నేను టూరిస్టు కారు తిప్పిన రోజుల్లో ఆ దారంతా ఒక్క నెంబరు మీదే నడిచేది. ఏడో నెంబరు జాతీయ రహదారి. కాశీలో మొదలై జబల్‌పూర్, నాగ్‌పూర్, ఆదిలాబాద్, హైదరాబాద్, కర్నూలు, బెంగళూరు, మదురై మీదుగా కన్యాకుమారి దాకా 2,369 కిలోమీటర్లు. దేశంలో అప్పటికి అంతకు మించిన పొడుగు జాతీయ రహదారి లేదు. విశ్వనాథుడి గుమ్మం నుంచి దక్షిణ సముద్రం ఒడ్డు దాకా ఒకే రోడ్డు అని చెబితే బండిలోని పెద్దవాళ్లు చేతులెత్తి దణ్ణం పెట్టేవారు. 2010లో నెంబర్లన్నీ తిరగేసి మనకు 44 అని తగిలించారు. ఆ 44 కాశీకి పోదు. మధ్యప్రదేశ్‌లో లఖ్‌నాదౌన్ దాటాక సాగర్, గ్వాలియర్, ఢిల్లీ అంటూ శ్రీనగర్ వైపు వెళ్లిపోతుంది. కాశీ యాత్రికుడు అక్కడ పక్కకు తిరిగి వేరే నెంబర్లు వెతుక్కోవాలి. నెంబరు మారితే ఏం పోయింది నాన్నా, ఫోన్ చెబుతుందిగా అంటాడు మా వాడు. చెబుతుంది. అది చెప్పినట్టే సందుల్లోంచి పోయి ఎవరి చేలోనో తేలిన డ్రైవర్లూ నాకు తెలుసు.

ఈ దారిన తెలుగువాళ్లు కాశీకి పోవడం కార్లతో మొదలైందనుకోకండి. ఒకసారి మా కారెక్కిన రిటైర్డు హెడ్‌మాస్టారు దారి పొడుగునా ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర చదివి వినిపించారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో పెద్ద పరివారంతో బయల్దేరి, 1831 సెప్టెంబరుకు తిరిగి ఇల్లు చేరారు. ఎక్కింది పల్లకీ. హైదరాబాదు, నిర్మల్, నాగపూరు, జబ్బల్‌పూరు, మీర్జాపూరు... అచ్చంగా మేం తిరిగిన దారే. మజిలీ మజిలీకి నీళ్లెలా ఉన్నాయి, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా, దారి రాళ్లా ఇసుకా అని రాసుకుంటూ పోయారు. మాస్టారు అది భక్తితో చదివితే, నేను డ్రైవర్ చెవితో విన్నాను. దూరప్రయాణం తెలిసినవాడు అలాగే రాస్తాడు. మనిషికి నీళ్లూ నీడా ముందు, ఎక్కే వాహనం తర్వాత. ఈకాలం బండి అమ్మే కుర్రాడు స్క్రీను సైజు ముందు చెబుతాడు.

ఇక అంబాసిడర్ సంగతి. మా అబ్బాయి దాన్ని తలుచుకుంటేనే నవ్వుతాడు, నవ్వనివ్వండి. కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 1950ల చివర మొదలుపెట్టి 2014 మే దాకా తీసిన బండి అది. మాది డీజిలు అంబాసిడర్. ఇంజను 1,489 సీసీ, బలం 37 గుర్రాలు. ఈనాటి అతి చిన్న కారుకు కూడా అంతకంటే ఎక్కువే ఉంటుంది. 70 దాటిందంటే మాట వినపడేది కాదు. ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులు. వర్షంలో నాలుగైదుసార్లు తొక్కి ఆరబెట్టుకుంటేగాని పట్టేవి కావు. ఏసీ లేదు. మే నెలలో నాగ్‌పూర్ దాటుతుంటే అద్దం దింపితే వడగాలి, ఎత్తితే ఉడుకు. ఇవన్నీ నిజాలే, నేనేం దాచను.

కానీ దాని తలుపు తెరిస్తే ఎనభై ఏళ్ల ముసలమ్మ చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, ముందు కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ లోపల పెట్టుకునేది. వంగక్కర్లేదు, పాకక్కర్లేదు, ఎవరూ నడుం పట్టి ఎత్తక్కర్లేదు. సీటు సరిగ్గా మన ఇంటి కుర్చీ ఎత్తున ఉండేది. వెనకాల ముగ్గురు దర్జాగా, కావాలంటే నలుగురు. కాళ్లు చాపుకునేంత జాగా. డిక్కీలో పట్టనివన్నీ నెత్తిమీద క్యారియర్ పైకి. పరుపుచుట్టలు, బియ్యం మూట, కిరసనాయిలు స్టవ్వు, ఆవకాయ జాడీ, వచ్చేటప్పుడు గంగ చెంబులు. పైన టార్పాలిన్ కప్పి తాడు బిగిస్తే మళ్లీ కాశీలో విప్పడమే. ఇప్పుడు ఏడు సీట్ల బండి అంటారు. ఏడుగురూ ఎక్కితే ఆ ఏడుగురి సామాను ఎక్కడ పెట్టాలో బండి గీసినవాడు ఆలోచించినట్టు లేదు. మూడో వరస నిలబెడితే వెనక రెండు సూట్‌కేసులకు మించి పట్టవు. మిగతావి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు, లక్షలు పోసి కొన్న బండిలో.

బయల్దేరే ముందు బండి రెండ్రోజులు షెడ్డులో ఉండేది. గ్రీజు కొట్టించాలి, కమాన్ కట్టలు చూడాలి, రేడియేటర్ కడిగించాలి, ఇంజనాయిలు మార్చాలి, బ్రేకు లైనర్లు గీకించాలి. డిక్కీ మూల ఒక గోనెసంచి. అందులో ఫ్యాన్ బెల్టు, హోస్ పైపు, బైండింగ్ వైరు, బల్బులు, ట్యూబులు, బ్రేకాయిలు, ఒక బట్టల సబ్బు. సబ్బెందుకని ఈకాలం డ్రైవర్లు అడుగుతారు. రాయి ఎగిరి డీజిలు ట్యాంకుకు తగిలి చెమ్మ కారుతుంటే, సబ్బు మెత్తగా పిసికి అద్దితే తర్వాతి ఊరి దాకా ఆగుతుంది. డీజిలు లైన్లో గాలి పట్టి ఇంజను ఆగిపోతే ఎవరికీ ఫోన్ చేసే పని లేదు, చేద్దామన్నా ఫోనూ లేదు. నట్టు వదులు చేసి, చేత్తో పంపు కొడుతూ బుడగలు పోయేదాకా డీజిలు వదిలి, మళ్లీ బిగించి సెల్ఫు కొట్టడమే. పాండర్‌కవడాలో గాని, సివనీలో గాని, రీవాలో గాని రోడ్డుపక్క చెట్టుకింద కూర్చునే మిస్త్రీకి అంబాసిడర్ ఇంజను విప్పడం వచ్చు. వాడికి తెలుగు రాదు, నాకు వాడి హిందీ సగమే వచ్చు. చేతులతో మాట్లాడుకునేవాళ్లం.

ఇప్పుడు బోనెట్ ఎత్తండి. నల్ల ప్లాస్టిక్ మూత తప్ప ఏమీ కనపడదు. ఆ మధ్య మావాళ్ల కొత్త బండి ఒకటి రీవా దాటాక ఆగింది. ఏ కంపెనీదో చెప్పను. ఇంజను చెక్కుచెదరలేదు, టైర్లు బాగున్నాయి, డీజిలు నిండుగా ఉంది. డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చ దీపం ఒకటి వెలిగి, బండి నడక స్పీడుకు పడిపోయింది. స్కానర్ పెడితేగాని రోగమేంటో తెలియదట. లారీ మీద ఎక్కించుకుని పెద్ద ఊరికి తీసుకెళ్తే బొటనవేలంత సెన్సర్ పోయిందన్నారు. అది తెప్పించేసరికి రెండ్రోజులు. బండిలో ఉన్నవాళ్లు అస్థికలు కలపడానికి వెళ్తున్నవాళ్లు, వాళ్లకు తిథి ముఖ్యం. వేరే కారు మాట్లాడి పంపాం. ఆ రెండ్రోజులూ మా డ్రైవర్ అక్కడే లాడ్జిలో పడుకున్నాడు, బత్తా మేమిచ్చుకున్నాం.

ఇంకో వింత. కొన్ని కొత్త కార్లలో స్టెప్నీయే ఇవ్వడం లేదు. చిన్న గాలి మిషనూ, ఒక జిగురు సీసా చేతిలో పెడతారు. మేకు దిగితే ఆ జిగురు పనిచేస్తుంది. టైరు పక్కగోడ చీలితే ఏం చేయాలి? దారిలో హనుమనా ఊరి దగ్గర రాత్రి పదిగంటలకు ఆ సీసా పట్టుకుని నిలబడితే తెలుస్తుంది.

ఉన్నదున్నట్టు చెప్పాలి కాబట్టి చెబుతున్నా, అంబాసిడర్‌ను మేం వదిలింది దాని మీద కోపంతో కాదు, లెక్క కుదరక. పార్టీలు పెద్దవయ్యాయి. కాశీ ఒక్కటే చాలదు, ప్రయాగ, గయ కూడా కావాలన్నారు. రైలు టికెట్లు అన్ని ఒక్కసారి దొరికేవి కావు. ఎనిమిదిమంది అంటే రెండు అంబాసిడర్లు, ఇద్దరు డ్రైవర్లు, రెండింతల డీజిలు. 1994లో టాటా సుమో వచ్చింది. వెనక ఎదురెదురు సీట్లతో పదిమందిని ఎక్కించుకునేది. మాకు కిరాయి మిగిలింది, ఎక్కినవాళ్ల నడుములు పోయాయి. వెనక అడ్డంగా కూర్చుని 1,200 కిలోమీటర్లు పోవడమంటే మాటలు కాదు. ఒక మామగారు ఆదిలాబాద్‌లోనే దిగిపోయి, "నాకు బాసర చాలు బాబూ" అని బస్సెక్కి వెనక్కి పోయారు.

2000లో క్వాలిస్ వచ్చింది. నన్నడిగితే దూరప్రయాణానికి మన దేశంలో తిరిగిన బండ్లలో దాన్ని మించింది లేదు. బెంగళూరు పక్కన బిడదిలో టయోటా వాళ్లు తీశారు. చూడ్డానికి డబ్బా. అందం గురించి మాట్లాడకండి. కానీ లోపల తల తగలదు, సీట్ల ఎత్తు సరిపోయేది, డీజిలు ఇంజను పేచీ పెట్టకుండా తిరిగేది. లక్షల కిలోమీటర్లు తిరిగిన క్వాలిస్‌లు ఇప్పటికీ పల్లెల్లో కనబడతాయి. జనం కొంటుండగానే 2005లో దాన్ని ఆపేసి ఇన్నోవా తెచ్చారు. టాక్సీవాళ్లు గోలపెట్టారు, ఎవరు వింటారు? ఇన్నోవా బాగుంది, నేను కాదనను. మెత్తగా పోతుంది, ఏసీ వెనక దాకా వస్తుంది. అయితే ఆ మెత్తదనంతోనే మనుషులకు తొందర పుట్టుకొచ్చింది.

అంబాసిడర్‌లో కాశీ అంటే మూడు పగళ్లు. పొద్దున చీకటితో బయల్దేరితే సోన్ దగ్గర గోదావరి. అక్కడ ఆగకుండా పోయే పార్టీ ఉండేది కాదు. దిగి స్నానం చేసి, పసుపు కుంకుమలు వేసి, అరటిపండు నీళ్లలో వదిలి మళ్లీ ఎక్కేవాళ్లు. నిర్మల్ దాటాక ఘాటు. నిండు బరువుతో రెండో గేరులో ఎక్కుతుంటే రేడియేటర్ పొగలు కక్కేది. పైన చెట్టుకింద ఆపి బోనెట్ ఎత్తి, చల్లారేదాకా కూర్చోవాల్సిందే. ఈలోగా ఆడవాళ్లు స్టవ్వు వెలిగించి కాఫీ పెట్టేవాళ్లు. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. సరిహద్దు చెక్‌పోస్టులో టాక్సు కట్టి కాగితం తీసుకోవడానికి ఓ గంట. రాత్రికి నాగ్‌పూర్ ధర్మశాల. రెండో రోజు జబల్‌పూర్‌లో నర్మద. మూడో రోజు రీవా, వింధ్య ఘాట్లు, మీర్జాపూర్ మీదుగా చీకటి పడేసరికి గంగ. గోదావరి, పెన్‌గంగ, వార్ధా, నర్మద, గంగ అని ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టుకునేవారు. రాత్రి బండి నడిపేవాణ్ని కాదు. నడపమన్న పార్టీని ఒప్పుకునేవాణ్నీ కాదు.

ఇప్పుడు రోడ్డు నాలుగు వరుసలు. నాగ్‌పూర్, సివనీ మధ్య పెంచ్ పులుల అడవిలో జంతువులు కిందనుంచి దాటడానికి రోడ్డునే స్తంభాల మీద ఎత్తి కట్టారు. ఆ పని చూసినప్పుడు మాత్రం నోరెళ్లబెట్టాను, పులికి కూడా దారి వదిలారు కదా అని. 2021 నుంచి టోల్‌గేట్ల దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి, చిల్లర గొడవ లేదు. ఆ ఏడే టూరిస్టు పర్మిట్టూ ఆన్‌లైన్‌లో దేశమంతటికీ ఒకేసారి తీసుకునే పద్ధతి పెట్టారు. చెక్‌పోస్టు కిటికీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ నాలాంటి వాడికి ఇదెంత మేలో తెలుసు. బ్రేకులు, బెల్టులు, ఎయిర్‌బ్యాగులు కూడా మంచివే. వాటి మీద నాకే సణుగుడూ లేదు.

సణుగుడంతా ఆదా అయిన గంటల మీద. రోడ్డు బాగుపడగానే ఆ గంటలు ఎవరికివ్వాలి? కూర్చున్న పెద్దవాళ్ల నడుముకు, నడిపేవాడి నిద్రకు ఇవ్వాలి. ఇవ్వడం లేదు. సాయంత్రం హైదరాబాదులో ఎక్కి మర్నాడు రాత్రికి కాశీలో దిగాలి, ఒక్క డ్రైవరే నడపాలి, ఎల్లుండికి తిరిగి బయల్దేరాలి. టాక్సీ ప్లేటు బండికి 80 దాటనివ్వని పరికరం బిగించి ఉంటుంది, కాబట్టి తొందర వేగంలో తీరదు, డ్రైవర్ కంటిమీద కునుకు తీసేసి తీర్చుకుంటారు. గోదావరి ఎప్పుడు దాటామో బండిలో ఎవరికీ తెలియదు. వెనక సీట్లో పిల్లలు సినిమా చూస్తుంటారు, పెద్దావిడ మంచినీళ్లు తాగడం మానేస్తుంది. ఎందుకో మగవాళ్లకు తట్టదు. దారిలో ఆపమని అడగడానికి మొహమాటం. మూత్రం బిగబట్టుకుని కాశీ చేరి, రెండో రోజు జ్వరం తెచ్చుకున్న అమ్మగార్లు ఉన్నారు. మా కాలంలో రేడియేటర్ ఆ మొహమాటం లేకుండా తానే ఆపించేది.

ఇంతలో మా వాడు కరెంటు కారు తెచ్చాడు. నేను వద్దన్నాను. కాశీ దాకా ప్లగ్గు పట్టుకుని తిరుగుతావా అన్నాను. ఒకసారి నాగ్‌పూర్ దాకా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. చప్పుడు లేదు. ఎక్కుడులో గేరు మార్చే పని లేదు, దిగుడులో బ్యాటరీలోకి కాస్త కరెంటు తిరిగి ఎక్కుతుందట. వేగం పెంచితే, ఏసీ గట్టిగా పెడితే, మనుషులూ సామానూ నిండితే చెప్పిన దూరం రాదు. ఆ సంగతి అమ్మేటప్పుడు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఛార్జర్ దగ్గర నూటికి 80 దాకా గబగబా ఎక్కి, ఆపైన బ్యాటరీ పాడవకుండా నెమ్మదిస్తుంది. ఆ నెమ్మది చూస్తే ఒళ్లు మండుతుంది. ముందు ఇంకో కారు ఉంటే దాని వంతు అయ్యేదాకా ఆగాలి. మిషన్ పనిచేయకపోతే ఇంకో చోటు వెతకాలి.

అయినా ఒక్క విషయం ఒప్పుకోక తప్పదు. ఛార్జింగ్ పెట్టినంతసేపూ అందరూ దిగారు. కాళ్లు చాపారు, బాత్‌రూమ్‌కు వెళ్లొచ్చారు, కూర్చుని తిన్నారు. మా డ్రైవర్ సీటు వెనక్కి వాల్చి కునుకు తీశాడు. మనుషులు చెబితే వినని తొందరను బ్యాటరీ ఆపింది. "చూశావా నాన్నా, నీ ఘాటు మళ్లీ వచ్చింది" అన్నాడు మా వాడు. వాడికి జవాబు చెప్పలేదు. ఆ కారు సీటు మాత్రం నేలకు దగ్గరగా ఉంది. నేను దిగడానికి పైన పిడి పట్టుకుని రెండుసార్లు ఊగాల్సి వచ్చింది. కాశీకి పోయే బండి చూడాల్సింది అక్కడే.

కాబట్టి అమ్మానాన్నలను కాశీ తీసుకెళ్దామనుకునే పిల్లలకు నేను చెప్పేది ఇదే. బండి మీ ఇష్టం. డీజిలుదో, కరెంటుదో, రెండూ కలిపినదో మీరే తేల్చుకోండి. బుక్ చేసే ముందు ఫోటో పంపకండి, ఆ పెద్దవాళ్లనే తీసుకొచ్చి ఎక్కించి దింపి చూడండి. మూడో వరస పిల్లలకే, పెద్దవాళ్లకు వద్దు. స్టెప్నీ ఉందా అని డిక్కీ తెరిచి చూడండి. రాత్రి నాగ్‌పూర్‌లో ఒకటి, జబల్‌పూర్‌లోనో రీవాలోనో ఇంకొకటి గదులు ముందే తీసుకోండి, డ్రైవర్‌కు కూడా మంచం ఉండేలా. రెండు గంటలకోసారి ఆపమని బయల్దేరేటప్పుడే గట్టిగా చెప్పండి, పెద్దవాళ్లు అడిగేదాకా ఆగకండి. బండి చూసుకోవడానికి మా ఆఫీసుకు ఎప్పుడైనా రావచ్చు, ఎక్కి దిగినందుకు డబ్బులేం తీసుకోం.